గురువులేని గరిడి

దేహబలమును కోరనివారు లోకమున లేరు. దానికై రెండు మాసములు నిలుకడగా శ్రమించువారు మాత్రము అరుదు. ఈ రెంటికిని నడుమనున్న యంతరమునకు సోమరితనమే కారణమని పెద్దలు మందలించుట వాడుక. మాకట్లు తోచదు. గరిడిలో పదిమంది నడుమ, ఒజ్జ కనుసన్నలలో సాధన చేయువాని స్థితి వేఱు; తన యింటిగదిలో తలుపు మూసికొని యొక్కడే ఆరంభించువాని స్థితి వేఱు. ఈ రెండవవానికి లోపించినదేమి, ఆ లోపమును పూర్వులెట్లు పూడ్చుకొనిరి అనుదానికొక చరిత్ర కలదు. ఆ చరిత్ర నెఱిగినచో నేడు ఒంటరిగా వ్యాయామమారంభించు గృహస్థునకును గృహిణికిని కొంత మేలు కలుగునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా మా యనుభవమే చెప్పుదుము. యౌవనమున నొకనాడు ఉత్సాహము పొంగి, అడ్డు చెప్పువారు లేక, తొలినాడే నూఱు బస్కీలు తీసితిమి. ఆనాడు గర్వముగానే యుండెను. మఱునాడు తొడలు బిగిసెను. మూడవనాడు మేడమెట్లు దిగుటకు గోడ పట్టుకొనవలసివచ్చెను. వారము గడచునప్పటికి నొప్పి పోయినది గాని, దానితోపాటు ఉత్సాహమును పోయినది. మరల నారంభించుటకు మాకు ఏండ్లు పట్టినవి. నూఱు వలదు, పది చాలునని చెప్పు మనుష్యుడొక్కడు ప్రక్కనుండినచో ఆ యేండ్లు వృథా కాకుండెడివి.

ఆ యొక్క మాటలోనే గరిడియొక్క రహస్యమంతయు నున్నది. మన పల్లెలలో సాముగరిడీలు సాగిన కాలమున దండీలు, బస్కీలు, గుండెత్తుట, గద త్రిప్పుట మొదలగునవి కుఱ్ఱవాండ్రు నేర్చుచుండిరి. ఒజ్జ వారికి చేసిన యుపకారములు మూడు. నడుము వంగినచోట, మోకాలు తొలగినచోట చూచి దిద్దుట మొదటిది. నేటికింత చాలునని హద్దు నిర్ణయించుట రెండవది. రాని దినమున ఏల రాలేదని యడుగుట మూడవది. ఒంటరివానికి కండలు లేకపోవుట కొఱతగాదు; దిద్దు కన్నును, ఆపు మాటయు, అడుగు నోరును లేకపోవుటయే కొఱత. వ్యాయామ చరిత్రను ఈ దృష్టితో పరికింపుడు. అది ఈ మూటికి బదులు వెదకిన చరిత్రగా కన్పట్టును.

మన దేశమున నియమబద్ధమైన సాధన క్రొత్తది గాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురము నేలిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున మల్లుర ప్రకరణమొకటి కలదు. బరువు మోయుట, నడచుట, ఈదుట, స్తంభముపై సాధన చేయుట మున్నగు శ్రమలు అందు వేఱువేఱుగా చెప్పబడినవి. ఇక 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయల దినచర్యను వ్రాసియుంచెను. తెల్లవాఱకమునుపే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పూసికొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో నెత్తి, పిమ్మట నూనె యంతయు చెమటగా కాఱిపోవువఱకు కత్తిసాము చేసి, తరువాత తన మల్లులలో నొకనితో కుస్తీపట్టి, అటుపై గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు విహరించెడివాడట. నూనె త్రాగుటను మేము సిఫారసు చేయము. కాని యొక్క విషయము గమనింపదగినది. అంతటి సామ్రాజ్యాధిపతి చేతిలోని బరువులు మట్టివి! పరికరములు కొన్నగాని సాధన సాగదనుకొనువారు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆ చర్యకు బలమిచ్చినవి వేళయు క్రమమునే గాని వస్తువుల వెల గాదు.

హద్దు విషయమున మన వైద్యులు చెప్పినది మఱింత విలువైనది. ఆయుర్వేద గ్రంథములు వ్యాయామమును శక్తిలో సగముమేరకే చేయవలెనని విధించినవి. సుశ్రుతాదులు ఆ సగమునకు గుర్తులను గూడ చెప్పిరి: ఊపిరి నోటివెంట వచ్చుట మొదలిడినప్పుడు ఆ మేర ముగిసినట్లు. శక్తికి మించి శ్రమించువాడు ఏనుగును లాగబోయిన సింహమువలె నశించునని యొక పోలికయు కలదు. సింహము బలములేనిది గాదు, కొలత యెఱుగనిది. నూఱు బస్కీలనాడు మాకు తెలిసియుండవలసిన దీ పోలికయే.

ఐనను ఆ గరిడి తలుపు అందఱికిని తెఱవబడలేదు. స్త్రీల కది మూయబడియే యుండెను. పగలెల్ల గుమాస్తాపని చేయువానికి వేళ చిక్కదు. బక్కపలుచనివాడు పదుగురి నవ్వునకు వెఱచి గడప త్రొక్కడు. వీరికి బలమను మాట దూరమునుండి చూచు వింతగా మిగిలెను. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున సాధన చేసి, ఇనుప గొలుసులు త్రెంచి, ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొని దేశదేశముల కీర్తి గాంచిన కోడి రామమూర్తినాయుడుగారు (మరణము 1942) మన యాంధ్రులకు గర్వకారణము. వారి సర్కసు చూచి యెందఱు బాలురు వ్యాయామమునకు పూనుకొనియుందురో! కాని ప్రదర్శనము వేఱు, పద్ధతి వేఱు. చూపఱకు కనబడునది చివరిమెట్టు. దాని క్రిందనున్న వేలకొలది దినముల సాధన కనబడదు. చివరిమెట్టును మొదటిమెట్టుగా భ్రమించుటయే ఒంటరివాని తొలి ప్రమాదము.

ఇంటిలోని యొంటరివానికి పద్ధతిని చేర్చుటకు పెద్దయెత్తున యత్నించిన వారిలో యూజెన్ శాండో ముఖ్యుడు. ఇతడు 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గున జన్మించి, ఇంగ్లండున పేరుగాంచి, 1897లో లండనున నొక వ్యాయామశాలను స్థాపించెను. అదే సంవత్సరమున వెలువడిన అతని గ్రంథమున ఏ వయస్సువారు ఏ కదలికను ఎన్నిమాఱులు చేయవలెనో, ఎంతెంత పెంచవలెనో పట్టికలుగా నీయబడెను. బరువులా, చేతిలో నిముడు చిన్న డంబెల్సు. దూరముననున్నవారు తమ శరీరపు కొలతలను పంపినచో వారికి తగిన పాఠములు తపాలాలో వచ్చుచుండెను. దిద్దు కన్నునకు బదులు అద్దము; ఆపు మాటకు బదులు పట్టిక; అడుగు నోటికి బదులు ఉత్తరము. శాండో 1904–05లో మన దేశమునకును వచ్చి ప్రదర్శనము లిచ్చెను. వ్యాపారబుద్ధి యతనికి లేకపోలేదు. కాని గది మూసికొని సాధన చేయువాడును విద్యార్థియే యని గుర్తించుట అతని ఘనత.

పిమ్మట 1904లో డెన్మార్కు దేశీయుడు జె. పి. ముల్లర్ దినమునకు పదునైదు నిమిషముల పద్ధతి నొకదానిని ప్రకటించెను. దానికి డంబెల్సును అక్కఱలేదు. స్త్రీలకును పిల్లలకును అతడు వేఱుగా గ్రంథములు వ్రాసెను. మన దేశమున ఔంధు సంస్థానాధిపతి భవానరావు పంత ప్రతినిధి సుమారు పదియేండ్లు శాండో పద్ధతిని సాధించి, పిదప సూర్యనమస్కారములను చేపట్టి, 1928లో వానిపై ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. తన సంస్థానపు పాఠశాలలలో బాలురకేగాక బాలికలకును నేర్పించెను. బెంగుళూరున కె. వి. అయ్యరుగారు వ్యాయామశాలను నడపుచు, తపాలామూలమునను శిష్యులకు పాఠములు పంపుచుండిరి. ఇట్లు చాపయంత చోటును, పావుగంట కాలమును గల ప్రతిగృహమును గరిడి కాదగినదయ్యెను. వీథి గడప దాటనీయని యాచారము నెదిరింపజాలని స్త్రీకిని తన గదిలో తన దేహమును బలపఱచుకొను స్వాతంత్ర్యము దొరకెను. ఇది చిన్న సంస్కరణము గాదు.

ఈ పద్ధతులకు శాస్త్రపు కొలత చేకూర్చినవాడు అమెరికా దేశపు వైద్యుడు థామస్ డెలోర్మ్. బాల్యమున వాతజ్వరముచే మంచముపట్టి, బరువు లెత్తి తన్ను తాను బలపఱచుకొన్నవా డాతడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున చికాగోలోని సైనిక వైద్యశాలయందు, మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు క్రమముగా బరువు పెంచు వ్యాయామము నేర్పి, ఆ ఫలితములను 1945లో ప్రకటించెను. మొదట ఆవృత్తులు అనేకముగా నుండెను. అన్ని యక్కఱలేదని గ్రహించి, 1948 నాటికి మూటికి తగ్గించెను. పదిమాఱులు మాత్రమే ఎత్తగల బరువునకు మొదట సగము, తరువాత ముప్పాతిక, కడపట పూర్తి: ఇదియే అతని క్రమము. మన వైద్యుల అర్ధశక్తియు, ఈతని సగమును ఒకటే యని చెప్పుట సరిగాదు. ఆ సగము ముగింపు, ఈ సగము ఆరంభము. కాని రెంటి మూలమును ఒకటే: బలమును కొలిచి వాడవలెను, తెగించి వాడరాదు.

నేడు జేబులోని ఫోనులో వేయిమంది ఒజ్జలు కనబడుచున్నారు. చూపుటకు లోటు లేదు, చూచుటకే లోటు. వారు మనకు కనబడుదురు గాని మనము వారికి కనబడము. కావున ఒంటరివాడు తన మూడు లోపములను తానే పూడ్చుకొనవలెను. అద్దము ముందు నిలుచుట, లేదా తన కదలికను తానే చిత్రించి చూచుకొనుట మొదటిదానికి మందు. ఇంకను రెండు మూడు చేయగలననియున్నప్పుడే ఆపుట రెండవదానికి మందు. తేది, కదలిక, సంఖ్య వ్రాసికొను చిన్న పుస్తకము మూడవదానికి మందు. ఖాళీగానున్న పుట అడిగినట్లు ఒజ్జయు నడుగడు.

పెద్దవారు వారమునకు కనీసము రెండు దినములు కండలను బలపఱచు వ్యాయామము చేయవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో నున్నది. కావున మొదట రెండు దినములే పెట్టుకొనుడు. నడుమ విశ్రాంతి యుండవలెను. కుర్చీలో కూర్చుండి చేతులూనక లేచుట. గోడ నానుకొని చేతులతో త్రోయుట, అది సులభమైనపుడు బల్ల నానుకొని, పిమ్మట నేలపై. వీపు వంకరపోనీక తుంటివద్ద వంగి చిన్న బియ్యపుసంచిని నేలనుండి లేపుట. అట్లే వంగి దానిని పొట్టవైపునకు లాగుట. దానిని పట్టుకొని గదిలో నడచుట: ఈ యైదును చాలును. ఒక్కొక్కటి ఎనిమిది పదిమాఱులు, మొదటి వారము ఒకే యావృత్తి, తరువాత రెండు. ఊపిరి బిగబట్టరాదు. రెండు దినములు వరుసగా పండ్రెండు సులభముగా వచ్చినపుడు మాత్రమే కొంచెము బరువు పెంచవలెను. ప్రక్క మనిషి లేనివాడు పరుండి, ఱొమ్ముపైకి దిగు బరువైన కడ్డీ నెత్తుట ప్రాణాపాయము. గుండెజబ్బు గలవారును, గర్భవతులును ముందుగా వైద్యుని యడుగవలెను. ఱొమ్మునొప్పియో కన్నులు తిరుగుటయో కలిగినచో ఎవ్వరైనను తక్షణమే ఆపవలెను.

మఱియొక మాట. పక్షము దినములకు అద్దమున మార్పు కనబడలేదని విడిచిపెట్టువారు పెక్కురు. మొదటి వారములలో కలుగు బలము ముఖ్యముగా నాడుల నేర్పువలన కలుగునది. కండ పెరుగుట పిమ్మటి సంగతి. కావున ఆ కాలమున అద్దమును కదలికను దిద్దుకొనుటకే వాడుడు. ఫలమును పుస్తకములోని సంఖ్యలయందు చూడుడు.

మేమిప్పుడు వారమునకు రెండుమాఱులు సాధన చేయుచున్నాము. మొదటి పుటపై వ్రాసియున్న సంఖ్య పది. నూఱు తీసిన నాటి గర్వము ఆ పుటలో లేదు. కాని మఱునాడు మేడమెట్లు దిగితిమి, గోడ పట్టుకొనలేదు.