సాలూరు చిన్న గురువుగారు

మన సంగీత చరిత్రకారులకు ఇద్దరే కనబడతారు: పాడిన విద్వాంసుడూ, పాడించుకున్న ప్రభువూ. నడుమ కూర్చుని ఏళ్ల తరబడి సరళీస్వరాలు చెప్పిన మనిషికి ఆ పుస్తకాల్లో చోటుండదు. పట్రాయని సీతారామశాస్త్రి (1900–1957) అటువంటి మనిషి. సాలూరులో తండ్రి నరసింహశాస్త్రిని పెద్ద గురువుగారనీ, ఈయనను చిన్న గురువుగారనీ పిలిచేవారు. ఊరు ఇచ్చిన బిరుదు అదొక్కటే.

ఆయన పాఠం చెప్పింది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. 1919లో అది వెలిసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. ఈ సందర్భంలో రాజుగారి ఔదార్యాన్ని తలచుకోవడం ఆనవాయితీ. ఔదార్యం లేదనను. కాని జమీందారీ ఖజానా రైతు కట్టిన శిస్తుతో నిండింది గదా! ఆ దాత పేరు ఏ శిలాఫలకం మీదా చూడం.

1930ల్లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లి నుంచి తండ్రి లేని కుర్రవాడొకడు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. అతనే ఘంటసాల వెంకటేశ్వరరావు. శాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పారు. కాని బడిపంతులు సంసారం ఎందరిని పోషించగలదు? కుర్రవాడు భుజాన జోలె తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తాడు.

ఈ ఘట్టాన్ని మనవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని చెబుతారు. నాకు కన్నీళ్ల కంటె ముందు ఒక ప్రశ్న వస్తుంది. మధుకరం బ్రాహ్మణ విద్యార్థులకున్న ఆచారం. అంత గొంతూ, అంత ఆకలీ ఉన్న మాలపల్లె పిల్లవాడు ఏ గడప ముందు నిలబడి అన్నం అడగాలి? ఒక్క ఘంటసాల దక్కాడని మురుస్తున్నాం. దక్కకుండా పోయినవాళ్ల లెక్క ఎవరు తీశారు? ఇది శాస్త్రిగారి మీద నింద కాదు. తన చేతిలో ఉన్నది విద్య. దాన్ని ఆయన దాచుకోలేదు. అన్నం పెట్టవలసిన సంఘమే ఆ పనిని భిక్షకు వదిలేసింది.

శిష్యుడు 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లాడు, తర్వాత మద్రాసు చేరి సినిమా గాయకుడయ్యాడు. శాస్త్రీయ సంగీతం సినిమాలో చెడిపోయిందనే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. సభామందిరం మెట్లెక్కని జనానికి రాగచ్ఛాయ తెలిసింది చాలావరకు ఆ గొంతు వల్లనే. శాస్త్రిగారి కుమారుడు సంగీతరావు (1920–2020) ఆ గొంతు వెనుక సహాయకుడుగా ఎన్నో ఏళ్లు పనిచేశాడు. వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చాడు. తండ్రి లాగే ఆయన కూడా తెర వెనుకనే ఎక్కువగా ఉండిపోయాడు.

చిన్న గురువుగారు కన్నుమూసిన 1957లోనే ‘మాయాబజార్’ విడుదలైంది. టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొన్న కూలీ ఆయన శిష్యుడి పాట విన్నాడు.