చిరుతపులి వేట (తెలంగాణ)

చిరుతపులి వేట: నిజాం కాలంలో వినోదంగా సాగి, నేడు చట్టం నిషేధించిన వేట. మూసీ నది పుట్టే అనంతగిరి కొండలు, తాండూరు పక్కనున్న పెద్దేముల్ మండలం నిజాంలు ఏలిన పూర్వపు హైదరాబాద్ సంస్థానంలోనివి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పెద్దపులుల వేటగాడిగా పేరుపొందాడు.

స్థలం ఎంపిక: చిరుత పగలు రాతి గుహల్లో, పొదల్లో, చెట్ల కొమ్మల మీద విశ్రమించి, పొద్దుగూకాక తిరుగుతుంది. అందుకే వేటగాళ్లు వాగుల ఇసుకలో, బండ్లబాటల్లో అడుగుజాడలు చూసేవారు. చెట్ల మీద గోళ్ల గీతలు, సగం తిన్న పశువు కళేబరం కూడా ఆనవాళ్లే.

పద్ధతులు: ప్రధానమైనవి రెండు. ఒకటి, మేకను ఎరగా కట్టి, లేదా చిరుత చంపిన పశువు దగ్గర, మంచె మీద కాపు కాయడం. చిరుత వినికిడి చురుకైనది కనుక పొద్దుండగానే మంచెక్కి, కదలకుండా కూర్చోవాలి. రెండోది, డప్పులు, కేకలతో మృగాన్ని తుపాకుల వైపు తోలడం.

చట్టం: వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో చిరుత ఉంది. దాన్ని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా. దాని వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు ఉన్నా, దానికి మానని జబ్బు సోకినా, వేటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కాదని తేలితేనే చంపడానికి ఆదేశమిస్తారు. నేడు వేటగాళ్ల ఆ పాత జాడల విద్య చిరుతను పట్టే బోను, కెమెరా ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఉపయోగపడుతోంది.