ఇంటిపేరు మారిన విశాఖ సూక్ష్మజీవి

విశాఖపట్నం పేరు ఓడరేవుల జాబితాలో ఉన్నది, ఉక్కు కర్మాగారాల జాబితాలోనూ ఉన్నది. ఇది అందరికీ తెలిసిన సంగతే. బ్యాక్టీరియాల జాబితాలో కూడా మన ఊరి పేరు రెండుచోట్ల ఉన్నదని మాత్రం ఉక్కునగరంలో నా ఇరుగుపొరుగువారికి చెబితే నవ్వి ఊరుకుంటారు. ఒకటి రోడోవులమ్ విశాఖపట్నమెన్సె, రెండవది రోజియోస్పైరా విశాఖపట్నమెన్సిస్. రెండూ 2007లో శాస్త్రలోకానికి పరిచయమయ్యాయి. అదే సంవత్సరం భీమిలి పేరుతో మారిక్రొమాటియమ్ భీమ్లికమ్, థయోరోడోకాకస్ భీమ్లికస్ అనే రెండు, కాకినాడ పేరుతో థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ అనేది ఒకటి వచ్చాయి. ఒక్క ఏడాదిలో మన తీరం అయిదు లాటిన్ పేర్లలోకి ఎక్కింది.

ఈ వ్యాసం మాత్రం ఆరవదాని గురించి. అది విశాఖ తీరాన ఆటుపోటు నీటిలో దొరికినదే, అదే 2007లో పేరు పెట్టించుకున్నదే. కాని దాని పేరులో మన ఊరు లేదు. రోడోబాక్టర్ వినయ్‌కుమారియై అన్నది దానికి మొదట పెట్టిన పేరు. ఊరి పేరున్న వాటికంటే ఈ పేరులేనిదాని కథే నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. కొత్త జాతి అంటే ఏమిటో, దానిని ఎవరు ఎట్లా తేలుస్తారో, తేల్చినది ఎంతకాలం నిలుస్తుందో ఈ ఒక్క జీవి చరిత్రలో కనబడుతుంది.

ముందుగా ఈ జీవుల సంగతి. పైన చెప్పినవన్నీ కిరణజన్య సంయోగక్రియ జరిపే ఊదారంగు బ్యాక్టీరియాలు. మొక్కల వలె సూర్యరశ్మిని తిని బతుకుతాయి గాని, మొక్కల వలె ప్రాణవాయువును విడిచిపెట్టవు. 19వ శతాబ్దపు చివరి పాదంలో ఎంగెల్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇవి వెలుతురును వెదుక్కుంటూ పోవడం గమనించాడు. 1907లో మోలిష్ వీటిమీద ఒక పూర్తి గ్రంథం వ్రాశాడు. 1931లో వాన్ నీల్ వీటిని పరిశీలించి ఒక గొప్ప ఊహ చేశాడు. కొన్ని ఊదా బ్యాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడును వాడుకొని గంధకాన్ని మిగులుస్తున్నాయి. అట్లాగే మొక్కలు నీటిని వాడుకొని ప్రాణవాయువును మిగులుస్తూ ఉండాలి. ఆకు విడిచే ఆక్సిజన్ బొగ్గుపులుసు వాయువు నుండి కాక నీటి నుండి వస్తుందన్న నేటి జ్ఞానానికి దారి చూపినవి ఈ బురదలోని జీవులే.

వీటిని పట్టే పద్ధతి కష్టమైనది కాదు. తీరపు నీటినో, బురదనో కొద్దిగా తెచ్చి, తగిన లవణాలు కలిపిన ద్రవంలో వేసి, గాలి చొరకుండా సీసాను అంచుదాకా నింపి మూత బిగించి, దీపపు వెలుతురులో ఉంచుతారు. ప్రాణవాయువు లేక తక్కినవి చాలావరకు వెనుకబడతాయి. వెలుతురు తిని బతకగలవి పెరుగుతాయి. కొన్నాళ్ళకు సీసాలో గులాబీ రంగో, గోధుమ రంగో, ఊదా రంగో తేలుతుంది. అందులోనుండి ఒక్క కణపు సంతానాన్ని మాత్రమే వేరుచేయడం అసలు పని. ఆ పని ఓపిక గలవారికే సాధ్యం.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చింతలపాటి వెంకట రమణ, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చింతలపాటి శశికళ, వారితో టి.ఎన్.ఆర్. శ్రీనివాస్, పి. అనిల్ కుమార్ వంటి యువ పరిశోధకులు ఈ ఓపిక చూపినవారు. జర్మనీలోని కీల్ నగరం నుండి ఇమ్‌హాఫ్ వారికి తోడుగా ఉన్నాడు. శ్రీనివాస్ తరువాతి కాలంలో మన విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో పరిశోధన సాగించారు. విశాఖ ఆటుపోటు నీటిలో దొరికిన ఆ జీవికి వారు పెట్టుకున్న గుర్తు జెఎ123.

ఇక పేరు. లాటిన్ పేర్లలో మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. ఈ వరుస పరాయిదిగా తోస్తుంది గాని, తెలుగువారికి ఇది సొంత సంప్రదాయమే. మనమూ ఇంటిపేరు ముందు చెప్పి, తరువాత పెట్టినపేరు చెబుతాము. రోడోబాక్టర్ అన్నది ఇంటిపేరు, వినయ్‌కుమారియై అన్నది పెట్టినపేరు. ఆ చివరి రూపం ఒక వ్యక్తి గౌరవార్థం పెట్టినదని తెలిపే లాటిన్ విభక్తి. ఎవరినైనా దత్తత ఇస్తే ఇంటిపేరు మారుతుంది, పెట్టినపేరు నిలుస్తుంది. బ్యాక్టీరియాల నామకరణ నియమావళి కూడా ఇంచుమించు ఇదే ధర్మాన్ని పాటిస్తుంది. ఈ పోలికను కొంచెంసేపు గుర్తుంచుకోండి.

ఒక జీవి కొత్తదని తేల్చే కొలబద్దలకు తమదైన చరిత్ర ఉన్నది. తొలినాళ్ళలో ఆకారం చూసేవారు. గుండ్రనిదా, కడ్డీ వంటిదా, మెలికదా అని. కాని సూక్ష్మజీవుల ఆకారాలు బహు తక్కువ. తరువాత ఏమి తింటుంది, ఏమి విడుస్తుంది, ఎంత ఉప్పు ఓర్చుకుంటుంది అని అడిగారు. 1977లో కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ అనేవారు అన్ని జీవకణాలలోనూ ఉండే రైబోజోముల ఆర్.ఎన్.ఎ.లో అక్షరక్రమం పోల్చి, జీవవృక్షానికి కొత్త కొమ్మలు గీశారు. సుమారు 1,500 అక్షరాల ఆ ఒక్క జన్యువే అప్పటినుండి బ్యాక్టీరియాల వంశవృక్షానికి ఆధారమైంది.

అయితే ఒక్క జన్యువు దగ్గరి బంధువులను విడదీయలేదు. 1987లో మరొక ప్రమాణం స్థిరపడింది. రెండు జీవుల డి.ఎన్.ఎ.ను వేడిచేస్తే పేటలు విడిపోతాయి. రెంటినీ కలిపి చల్లార్చితే, ఒకదాని పేట రెండవదాని పేటతో ఎంతవరకు జతకడుతుందో కొలవవచ్చు. 70 శాతం గాని అంతకు మించి గాని ఉంటే ఒకే జాతి. ఈ ప్రమాణానికి ఒక చిక్కు ఉన్నది. ప్రతి జతకూ ప్రయోగం మళ్ళీ చేయవలసిందే. కొత్త బంధువు ఒకటి దొరికితే పాత నమూనాలన్నీ తెప్పించుకొని మొదటినుండి మొదలుపెట్టాలి. నిన్నటి కొలత రేపటి పోలికకు పనికిరాదు.

విశాఖ జీవి ఈ కొలబద్దల కాలంలోనే పుట్టింది. రోడోబాక్టర్ వంశంలో అంతకుముందే ఒక పంపకం జరిగి ఉన్నది. 1994లో జపాను శాస్త్రవేత్తలు హిరైషి, ఉయెదాలు ఆ ఇంటిలోని సముద్రజీవులను వేరుచేసి, రోడోవులమ్ అనే కొత్త ఇల్లు కట్టారు. గులాబీరంగు చిన్న గుడ్డు అని ఆ మాటకు అర్థం. మంచినీటివారు ఇక్కడ, ఉప్పునీటివారు అక్కడ అన్నట్టు గోడ నిలిచింది. 2007లో మన తీరం నుండి వచ్చిన జెఎ123 ఆ గోడను లెక్కచేయలేదు. ఉప్పునీటిలో దొరికినా వంశలక్షణాలు రోడోబాక్టర్‌కే దగ్గరగా ఉన్నాయి. అందువల్ల ఆ బృందం కొత్త జాతికి పేరు పెట్టడంతో ఆగక, రోడోబాక్టర్ ప్రజాతి నిర్వచనాన్నే సవరించవలసి వచ్చింది. ఆ జీవి ఆ ఇంటిలో ఇముడుతుందా అన్న అనుమానానికి బీజం అక్కడే ఉన్నదని నాకనిపిస్తుంది.

ఇంతలో మరొక విప్లవం నడుస్తున్నది. 1995లో మొదటిసారిగా ఒక స్వతంత్ర జీవి, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా, తన జన్యురాశి మొత్తాన్ని మనిషికి చదవనిచ్చింది. మొత్తం సుమారు 18 లక్షల 30 వేల అక్షరాలు. క్రమంగా చదివే యంత్రాల ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది. అప్పుడు వేడిచేసి చల్లార్చే పనికి బదులు రెండు జన్యురాశులను ముక్కలుగా కోసి, పక్కపక్కన పేర్చి, అక్షరాలు సగటున ఎంత శాతం కలుస్తున్నాయో గణనయంత్రంతో లెక్కకట్టవచ్చునని తేలింది. 95, 96 శాతం దగ్గర జాతికీ జాతికీ మధ్య గీత పడుతుందని 2009 నాటికి ఒక అంగీకారం కుదిరింది. 2018లో చున్ మొదలైనవారు బ్యాక్టీరియాల వర్గీకరణలో జన్యురాశి సమాచారాన్ని వాడుకోవడానికి కనీస ప్రమాణాలు ప్రతిపాదించారు. ఈ పద్ధతి గొప్పదనం వేగంలో కంటే మరొకచోట ఉన్నది. ఒకసారి చదివిన జన్యురాశి ఎప్పటికీ ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా దానిని తీసుకొని మళ్ళీ పోల్చి చూడవచ్చు, కాదని వాదించవచ్చు.

వాదించినవారు ఎవరో కాదు, పేరు పెట్టిన హైదరాబాదువారే. 2019లో రమణ, శశికళల బృందం రోడోబాక్టర్ ఇంటిలోని 12 జాతుల మూలనమూనాల జన్యురాశులను ఒకచోట చేర్చి పరిశీలించింది. రెండున్నర దశాబ్దాలుగా వాయిదాపడుతున్న ఆలోచన ఇది అని ఆ పత్రం శీర్షికలోనే చెప్పుకున్నారు. ఫలితం విస్మయకరం. 12 జాతులకూ ఉమ్మడిగా ఉన్న జన్యువులు 1,239 మాత్రమే. ఒకే కుటుంబమనుకున్నది నాలుగు గుంపులుగా చీలింది, ఆ గుంపుల నడుమ వేరే ఇళ్ళవాళ్ళు కూర్చొని ఉన్నారు. ప్రోటీన్లను పోల్చిచూస్తే గుంపుకూ గుంపుకూ మధ్య పోలిక 80 శాతం కూడా లేదు. అందుచేత లూటియోవులమ్, ఫియోవులమ్, ఫస్కోవులమ్ అని మూడు కొత్త ఇళ్ళు కట్టారు. మన విశాఖ జీవి ఫియోవులమ్ వినయ్‌కుమారియై అయింది. గోధుమరంగు చిన్న గుడ్డు అనే ఇంటికి దత్తు వెళ్ళింది. పెట్టినపేరు చెక్కుచెదరలేదు.

అదే పత్రంలో మరొక సంగతి ఉన్నది. హిమాలయాలలో దొరికిన రోడోబాక్టర్ మెగాలోఫిలస్ అనే జాతికి 2008లో పేరుపెట్టినది కూడా ఈ హైదరాబాదు బృందమే. జన్యురాశి చూసిన తరువాత అది వేరే జాతి కాదని, పాతదైన రోడోబాక్టర్ స్ఫీరాయిడెస్‌కు ఉపజాతి అని వారే ప్రతిపాదించారు. తాము కనుగొన్నదానిని తామే తగ్గించి చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలో, పేరు కోసం కొట్టుకునే ఏ రంగంవారినైనా అడగండి.

పేర్ల గతి ఎన్ని రకాలుగా ఉంటుందో చూడడానికి హైదరాబాదుదే మరొక ఉదాహరణ చెబుతాను. 2005లో హైదరాబాదు నుండి ఎగిరిన బెలూను ఒకటి పై వాతావరణంలోని గాలిని గొట్టాలలో పట్టి తెచ్చింది. ఆ గాలిలో మూడు కొత్త జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించినప్పుడు పత్రికలన్నీ వ్రాశాయి. సి.సి.ఎం.బి.లో శివాజీ బృందం వాటికి జానిబాక్టర్ హోయిలై, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టింది. ఖగోళవేత్త హోయిల్ పేరు నేటికీ నిలిచి ఉన్నది. ఇస్రో పేరు గలది 2016లో సోలిబాసిల్లస్ అనే ఇంటికి మారింది. ఆర్యభటుని పేరు గలది, 1884లో డి బారీ పేరుపెట్టిన బాసిల్లస్ మెగటీరియమ్ ఒకటేనని 2019లో జన్యురాశి ఆధారంగా ప్రతిపాదన వచ్చింది. నియమావళి ప్రకారం ముందు పెట్టిన పేరుదే పెద్దరికం.

వీటికంటే విచారకరమైన గతి ఇంకొకటి ఉన్నది. 2001 నాటి బెలూను గొట్టాలలో దొరికినవంటూ 2006లో ప్రకటించిన నాలుగు బాసిల్లస్ జాతులలో ఆల్టిట్యూడినిస్ అనేది నిలిచింది. ఏరియస్, ఏరోఫిలస్, స్ట్రాటోస్ఫెరికస్ అనే తక్కిన మూడింటి అసలైన మూలనమూనాలు లభించడం లేదని, వాటి విషయం తేల్చమని కోరుతూ 2015లో వేరువేరు పరిశోధకులు పత్రాలు ప్రచురించారు. పేరున్నది, మనిషి లేడు. ఇప్పుడు ఎవరు ఏ పరీక్ష చేయదలచినా దేనిమీద చేస్తారు?

కొత్త జాతికి పేరు పెట్టేవారు దాని సజీవ నమూనాను రెండు దేశాలలోని సేకరణశాలలకు అప్పగించాలన్న నియమం విలువ ఇక్కడ తెలుస్తుంది. విశాఖ జీవి జర్మనీలోను, జపానులోను భద్రంగా ఉన్నది గనుకనే, పేరుపెట్టిన పన్నెండేళ్ళకు దానిని కొత్త ప్రశ్న అడగగలిగారు. 2007లో ఆ సీసాను దాచినవారికి 2019లో అడగబోయే ప్రశ్న తెలియదు. తెలియని ప్రశ్నకోసం దాచడమే సేకరణశాల చేసే పని.

2022లో సీక్‌కోడ్ అనే కొత్త నియమావళి వచ్చింది. సీసాలో పెరగని జీవులకు, జన్యురాశినే మూలనమూనాగా చూపి పేరు పెట్టవచ్చునని అది అంటుంది. ప్రయోగశాలలో పెంచలేని సూక్ష్మజీవులే లోకంలో ఎక్కువ గనుక ఈ మార్గం అవసరమే. కాని అక్షరాలు చదివితే జీవి వంశం తెలుస్తుంది. ఎంత ఉప్పు ఓర్చుకుంటుందో, ఏ వెలుతురులో ఏ రంగు తేలుతుందో, ఇంకా మనకు తోచని ప్రశ్నకు ఏమి జవాబు చెబుతుందో చూడడానికి మాత్రం బతికి ఉన్న కణమే కావాలి. వీలున్నచోటనైనా ప్రాణమున్న నమూనాను వదులుకోకూడదని నా అభిప్రాయం.

విశాఖ పేరున్న ఆ రెండు బ్యాక్టీరియాల ఇంటిపేర్లూ రేపు మారవచ్చు. మారితే మన ఊరి గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. సరిదిద్దడానికి వీలుగా దాచిపెట్టిన పేరే శాస్త్రంలో నిజమైన పేరు. మనం బెంగపడవలసినది మరొకదాని గురించి. ఒకవైపు ఓడరేవు, ఒకవైపు కర్మాగారాలు, మధ్య పెరుగుతున్న నగరం ఉన్న ఈ తీరంలో, ఎవరూ ఇంకా సీసాలోకి ఎత్తని జీవులు ఎన్ని ఉన్నాయో ఎవరు చెప్పగలరు? వాటికి ఇంటిపేరూ లేదు, పెట్టినపేరూ లేదు. ఆటుపోటు నీరు పాడైతే వాటిని మళ్ళీ అడగడానికి ఏ దేశపు సేకరణశాలలోనూ నమూనా దొరకదు.