గింజ తల్లికి, పురుగు పిల్లకు

ఛత్తీస్‌గఢ్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది బస్తర్. 1323లో ఓరుగల్లు కూలాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు ఇంద్రావతి సీమకు చేరి రాజ్యం స్థాపించాడన్న కథ మనకు తెలిసిందే. ఆ అడవులకు ఉత్తరాన పరుచుకున్న మహానది మైదానం గురించి మాత్రం మనకు పెద్దగా తెలియదు. నేను స్థిరపడిన నవా రాయపూర్ ఆ మైదానంలోనిది. ఇక్కడి జనం చేపకు ఏం ఎర వేశారు, పిచ్చుకకు ఏం పెట్టారు అని చూస్తూ పోతే ఈ నేల చరిత్ర చాలావరకు బోధపడుతుంది.

ఇది వాననీటిని నమ్ముకున్న వరిసీమ. అందుకే ఇక్కడ ఊరంటే ముందు చెరువు. పాత రాజధాని రతన్‌పూర్ వైభవం చెప్పాలంటే ఇప్పటికీ ‘ఛే ఆగర్ ఛే కోరీ’ చెరువులు అంటారు. ఆరు ఇరవైలు, పైన ఆరు, అంటే 126. రాయపూర్ నడిబొడ్డున ఉన్న బూఢా తాలాబ్‌ను కలచురి రాజు బ్రహ్మదేవుడి కాలానిదిగా, అంటే ఆరు వందల ఏళ్ల నాటిదిగా చెబుతారు. 1741లో నాగపూర్ భోంస్లేల సైన్యం వచ్చింది. 1854లో ఇంగ్లీషువాళ్ల ఏలుబడి మొదలైంది. 1896-97లోనూ, 1899-1900లోనూ వరుస కరువులు ఈ మైదానాన్ని పీల్చి పిప్పి చేశాయి. ఆ తర్వాతే మాడమ్‌సిల్లి (1923), గంగ్రేల్ (1978) వంటి ఆనకట్టలు వెలిశాయి. ఏలికలు మారినా చెరువు గట్టున కేవట్లు, ఢీమర్లు అనే జాలరులు వలలతో నిలబడే ఉన్నారు. బిలాస్‌పూర్ నగరం పేరు బిలాసా అనే కేవట్ మహిళదని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. ఆ ఊరి విమానాశ్రయానికీ ఆమె పేరే పెట్టారు.

వలలు లేనివాళ్లకు గాలం ఉంది. ఇక్కడ దాన్ని ‘గరీ’ అంటారు. గట్టు మీద తడిమట్టి తవ్వితే వానపాములు దొరుకుతాయి, ఇంట్లో గోధుమపిండి ముద్ద ఉంటుంది. మన గోదావరి కాలవల మీద వేసే ఎరలూ ఇవే. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదుల్లో, జలాశయాల్లో వేట నిషేధం. చేపకూ తన సంసారానికి గడువు ఇవ్వాలన్న ఆ నియమం నాకెంతో నచ్చుతుంది.

పిట్టలకు ఇచ్చిన వాటా ఇంకా అందమైనది. కోతలయ్యాక కొత్త వరికంకులను అల్లి గుమ్మాలకు ‘ధాన్ ఝాలర్’ కడతారు. మన పల్లెల్లో చూరుకు కట్టే వరికంకుల కుచ్చులే ఇవి. అయితే గింజలు తిని బతికే పిచ్చుక కూడా తన పిల్లకు మొదట్లో పెట్టేది పురుగులే. గొంగళి, మిడత పిల్ల, పచ్చపురుగు లేకపోతే గూట్లో పిల్ల ఎదగదు. గుమ్మానికి కట్టిన కంకి తల్లిని పోషించింది, ఇంటి వెనక పొలం పిల్లను పోషించింది. ఈ రెండో పోషణను ఎవరూ లెక్కలో రాయలేదు.

ఆ పొలం ఎంత గొప్పదో చెప్పాలి. 1970ల్లో రాయపూర్‌లో పనిచేసిన శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా ఈ ప్రాంతంలో 19,000కు పైగా వరి నమూనాలు సేకరించారు. అవి ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయానికి చేరాయి. 2002లో ఆ సంపదపై విశ్వవిద్యాలయం సింజెంటా అనే విత్తన కంపెనీతో ఒప్పందం తలపెడితే జనం ఎదురుతిరిగి ఆపించారు. 2000 నవంబరు 1న పుట్టిన ఈ రాష్ట్రం తన కొత్త రాజధాని నవా రాయపూర్‌ను ఇలాంటి నేల మీదే, 41 గ్రామాల పరిధిలో తలపెట్టింది. 2012లో సచివాలయం ఇక్కడికి వచ్చింది. వెడల్పాటి రోడ్లు, కత్తిరించిన పచ్చిక వచ్చాయి. సెంధ్ చెరువు నిలిచింది. మడిగట్లు, వాటి మీద పురుగులు మాత్రం చాలాచోట్ల పోయాయి.

అందుకే నేను మీల్‌వార్మ్‌లు పెంచుతున్నాను. ఇవి ఒక నల్ల పెంకుపురుగు పిల్లలు. పసుపురంగులో, అంగుళం పొడవుంటాయి. గోధుమ తవుడు పోసిన ట్రే చాలు. నీళ్లు పెట్టకూడదు, బంగాళాదుంప ముక్క వేస్తే ఆ తేమే వాటికి నీరు. ఎదిగిన పెంకుపురుగులు గుడ్లను తినేస్తాయి కనుక ఆ పెద్దవాటిని వేరే ట్రేలోకి మార్చాలి. రాయపూర్ మే నెల ఎండను తట్టుకోలేవు, ఇంట్లో చల్లటి మూలన ఉంచాలి. ఫ్రిజ్‌లో పెడితే ఎదుగుదల నెమ్మదించి వారాల తరబడి ఉంటాయి. చర్మం గట్టిది కాబట్టి గాలానికి బాగా నిలుస్తాయి. గోరింకలు, పిగిలిపిట్టలు ఇష్టంగా తింటాయి. కాల్షియం తక్కువ, అందుచేత పిట్టపిల్లలకు ఇదొక్కటే ఆహారం కాకూడదు. ఎండినవైతే నానబెట్టి పెట్టాలి. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ పురుగు నిల్వ ధాన్యానికి చీడ. బియ్యం బస్తాల దరిదాపుల్లో పెంచకండి, మిగిలినవాటిని బయట వదలకండి.

ఇంతా చేసి ఒక ట్రే ఒక పొలం కాలేదు. పెరటి పిట్టలకు కాస్త ఆసరా, అంతే. అసలైన తిండి గట్టు మీది గడ్డిలో, రాలిన ఆకుల కింద, మందు చల్లని తడి మట్టిలో పుడుతుంది. అమరావతిలోనూ పంటభూముల మీదే రాజధాని లేస్తోంది, అందుకే మీకు ఇది రాస్తున్నాను. వాగుల అంచులను సిమెంటుతో కప్పకుండా, కొన్ని గట్లను కత్తిరించకుండా వదిలేయమని ఇప్పుడే అడగండి. పటాలు గీస్తున్నప్పుడు అడిగితే ఖర్చు లేదు. కట్టడాలు లేచాక అదే నేలను తిరిగి సంపాదించడం ఎంత కష్టమో ఇక్కడ చూస్తున్నాను.