కదిలే బొమ్మలు – కఠిన విషయాలు

డెబ్బది అయిదు వసంతాలు నిండిన మన పాఠశాల చరిత్రలో నల్లబల్లకు గల స్థానం గొప్పది. అయితే సుద్దముక్కతో గీచిన బొమ్మ కదలదు. గ్రహాల గమనమైనా, రక్తప్రసరణమైనా కదలిక చూపితేనే విద్యార్థికి సులభంగా బోధపడుతుంది. ఈ రహస్యాన్ని మన పూర్వులు ఎన్నడో గ్రహించారు.

బెంగళూరుకు ఉత్తరాన, ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మలకు పేరెన్నికగన్నది. మేకతోలును పలుచన చేసి, రంగులద్ది, తెల్లని తెర వెనుక దీపకాంతిలో ఆడించి, అక్షరం రానివారికి సైతం రామాయణ భారతాల ధర్మసూక్ష్మాలను విశదపరచిన విద్య అది. ఆ గ్రామ కళాకారులు దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించింది.

స్వాతంత్ర్యానంతరం ఈ పనికి ఆధునిక సాధనాలు తోడయ్యాయి. 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ చిత్రాల విభాగం ఏర్పడగా, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ మన చిత్రకారులకు శిక్షణ ఇచ్చారు. అటుపిమ్మట 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉదయం బాలలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు అందాయి. ఆంధ్ర, కర్ణాటక గ్రామాలకు తెలుగు, కన్నడ భాషలలోనే అందడం విశేషం. బొమ్మ ఎంత చక్కనిదైనా, మాట తనదైనప్పుడే కదా పల్లెవాసికి హత్తుకొనేది!

ఇక మన నగరం సంగతి. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 అవతరణను బెంగళూరు నియంత్రణ కేంద్రం నుండి దేశమంతా తిలకించింది. మా విద్యార్థులతో కలిసి నేనూ చూస్తున్నాను. తెరపై విక్రమ్ మెల్లగా దిగుతుండగా ఒక చిన్నారి, “టీచర్‌గారూ, విక్రమ్ వెంట వెళ్ళి ఆ బొమ్మ తీస్తున్నది ఎవరు?” అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న గొప్పదనిపించింది.

నిజానికి అక్కడ తీసేవారెవరూ లేరు. అది మనకు అర్థం కావడానికి కంప్యూటరు గీసిన చిత్రం. ప్రక్కన కనిపించిన ఎత్తు, వేగముల అంకెలు మాత్రం నౌక పంపిన సమాచారం. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తు నుండి మొదలైన అవతరణం సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు సుఖాంతమైంది. దిగుతూ విక్రమ్ తీసిన అసలు ఛాయాచిత్రాలు ఆ పిదపనే వెలువడ్డాయి. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 విషయంలో, 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు సవ్యంగా దిగిన పిమ్మట సంబంధం తెగిపోయినప్పుడు, తెరపై రేఖ ఆగిపోవడాన్ని కూడా దేశం చూసింది. ఊహాచిత్రం ఎంత ముచ్చటగానైనా దిగగలదు. కొలిచిన రేఖ అబద్ధమాడదు.

కనుక ప్రియ విద్యార్థులారా! కదిలే బొమ్మను చూసి ఆనందించండి, నేర్చుకొనండి. అయితే ఇందులో కొలిచినది ఏది, ఊహించి గీచినది ఏది అని అడగడం మరువకండి. ఆ చిన్నారి ప్రశ్నకు తెలుగులో, తీరికగా సమాధానం చెప్పగల ఉపాధ్యాయులు ఉన్నంతకాలం, ఎన్ని కొత్త తెరలు వచ్చినా ఈ పాఠశాల అవసరం తీరదని నా దృఢ విశ్వాసం.