నిశానీ వేరు, తాళంచెవి వేరు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మిత్రులు కోరినప్పుడు, ఆసిఫాబాద్ వాడిని కనుక ఈ ఊరు జనగాం అని పిలువబడిన రోజుల గురించో, 1941 వరకు జిల్లా కేంద్రంగా ఉన్న వైభవం గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను మాత్రం మన బొటనవేలి చరిత్ర రాయదలచుకున్నాను. ఎందుకంటే సంఘం కార్యాలయంలో కలిసినప్పుడల్లా మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు రెండే. వేలిముద్ర యంత్రం మీద పెడితే ప్రమాదమా? ఫోనులో ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పవచ్చునా? ఈ రెండింటికీ జవాబు మన పాత కచేరీలలోనే ఉన్నది.

మొదటి వేలిముద్రలు మనవే

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు పనికి సరుకు సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఆ సంతకం నాది కాదని బుకాయించకుండా ఉండాలని అతని ఎత్తు. తరువాత 1877లో హుగ్లీలో పనిచేస్తూ, దస్తావేజులకు, పెన్షనర్లకు వేలిముద్రలు తీసుకునే పద్ధతి పెట్టాడు. పెన్షనరు చనిపోయిన తరువాత కూడా బంధువులు అతని పేర పైకం తీసుకుపోకుండా ఆపడానికే ఆ ఏర్పాటు. అంటే ప్రభుత్వం వేలిముద్ర తీసుకున్న తొలి వరుసలోనే మన పెన్షనర్లు ఉన్నారన్నమాట! 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. ముద్రలను వర్గాలుగా విడదీసి వెదికే పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల శ్రమ ఉన్నది. పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీకి దక్కింది. గుమాస్తాల కష్టం ఎవరి ఖాతాలో పడుతుందో మనకు తెలియనిది కాదు.

నా చేతి మీదుగా జరిగినది

కొలువులో చేరిన కొత్తలో నా బల్ల మీద ఎప్పుడూ ఒక ఇంకు ప్యాడు, ఒక పాత గుడ్డపేలిక ఉండేవి. గూడేల నుండి వచ్చిన గోండు, కోలాం పెద్దల ఎడమ బొటనవేలు పట్టుకుని ప్యాడుకు అద్ది, కాగితం మీద నొక్కించి, పక్కన "నిశానీ" అని రాసి వారి పేరు రాసేవాడిని. అలా ఎన్ని వందలు తీసుకున్నానో లెక్క లేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఒకనాడు ఒక ముసలాయన వేలు వెనక్కి తీసుకుని, "గీ కాయితంల ఏమున్నది సారూ?" అని అడిగాడు. బయట వరుస పొడుగ్గా ఉన్నది. "నీకెందుకు తాతా, పెట్టు" అన్నాను. పెట్టాడు. అది మామూలు రసీదో, మరేదో నాకే గుర్తు లేదు. కాని భూమి కాగితాలలో ఏమున్నదో తెలియక మోసపోయిన ఆదివాసులున్న జిల్లా ఇది. అటువంటి చోట ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం తప్పేనని ఆలస్యంగా గ్రహించాను.

ధర్మారం పాఠం

ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాలలోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో చట్టం సవరించి, ఆస్తి రిజిస్ట్రేషనుకు ఫొటో, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. క్రమంగా ఆ దస్తావేజుల నకళ్ళు ఇంటర్నెట్‌లో కూడా దొరకసాగాయి. 2018 జూన్‌లో ఏమైంది? పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడిని పోలీసులు అరెస్టు చేశారు. వెబ్‌సైటు నుండి దస్తావేజులు దించుకుని, వాటిలోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, అమ్మకాల లక్ష్యం కోసం వేల సంఖ్యలో సిమ్ కార్డులు తెరిచాడని అభియోగం. నిన్నటి దాకా మన కరీంనగర్ జిల్లాలోనిదే ఆ ఊరు.

ఇందులో గమనించవలసినది ఒకటే. నిశానీ "నేను ఫలానా" అని చెబుతుంది. అది రహస్యం కాదు. పట్టిన గ్లాసు మీద, సంతకం చేసిన కాగితం మీద వదిలి వస్తూనే ఉంటాము. తాళంచెవి రహస్యం. పోతే తాళం మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేము. నిశానీని తాళంచెవిలా వాడటంలోనే చిక్కంతా ఉన్నది.

రెండు చెవుల నియమం

ట్రెజరీలో పనిచేసినవారికి డబుల్ లాక్ గురించి చెప్పనక్కరలేదు. ఇనుప గదికి రెండు తాళాలు, రెండు చెవులు ఇద్దరి దగ్గర. ఒకరు ఎంత నమ్మకస్తుడైనా రెండోవాడు లేనిదే తలుపు తెరుచుకోదు. ఇప్పటి ఓటీపీ ఆ రెండో చెవి. అది అడిగేవాడు బ్యాంకు మేనేజరునని చెప్పినా, ట్రెజరీ నుండి అని చెప్పినా, "లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, పెన్షన్ ఆగిపోతుంది" అని బెదిరించినా ఇవ్వరాదు. ఫోనులో ఎవరైనా అడిగితే మా షరాబు తన చెవి ఇచ్చేవాడా?

సంకేత లిపి, అంటే అక్షరాలను తారుమారు చేసి రహస్యంగా పంపే విద్య, పాతదే. కాని 1976లో అమెరికాలో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు కొత్త దారి చూపారు. మరుసటి ఏడాది మరో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ దారిలో జంట చెవుల పద్ధతి తయారుచేశారు. ఒకటి యజమాని దగ్గరే రహస్యంగా ఉంటుంది, రెండోది లోకానికంతటికీ ఇస్తారు. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. 2011లో మొదలైన మీసేవలో ధ్రువపత్రాలు ఆ సంతకంతోనే వచ్చాయి. అధికారి తన రహస్య చెవితో సంతకం చేస్తాడు, బయటి చెవితో ఎవరైనా సరిచూడవచ్చు. ఒక్క అక్షరం దిద్దినా సంతకం సరిపోదు. మన లక్క సీలు చేసే పనే ఇది. కాని పగలగొట్టి మళ్ళీ అతికించడం కుదరదు.

ఒక పెన్షనరు వేసిన దావా

మన సంగతి మన దగ్గరే ఉంచుకునే హక్కును నిలబెట్టినది కూడా ఒక విశ్రాంత ఉద్యోగే. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, మన ఉమ్మడి రాష్ట్ర బి.సి. కమిషన్‌కు అధ్యక్షులుగా చేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో ఎనభై ఆరేళ్ళ వయసులో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. ఆయన 2024లో కన్నుమూశారు.

చివరగా నా మనవి. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం ఉన్నది. అవసరమైనప్పుడు తీసి, మళ్ళీ వేసుకోవచ్చు. పిల్లల చేత చేయించుకోండి. మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారుతుంది.

మొన్న ఒక కేంద్రంలో కుర్రవాడు యంత్రం ముందుకు జరిపి, "వేలు పెట్టండి తాతా" అన్నాడు. నేను వేలు వెనక్కి తీసుకుని, "ఇందులో ఏమున్నది బాబూ?" అని అడిగాను. వెనుక వరుస పొడుగ్గానే ఉన్నది. అతడు తెర నా వైపు తిప్పి చదివి వినిపించాడు. ఆనాడు నేను చేయవలసిన పని అదే. మీరు కూడా అడగండి. అడిగినవారిని విసుక్కోవద్దని మీ పిల్లలకు చెప్పండి.