తెగిన లిగమెంటు కుట్టాలా?

కబడ్డీ ఆడుతూ పడి మోచెయ్యి కీలు తప్పిన ఒక కుర్రవాణ్ణి చూడ్డానికి వెళ్తే అక్కడ రెండు వర్గాలు తయారై ఉన్నాయి. "పుత్తూరు కట్టు కట్టించండి, మూడు వారాలు కదపకుండా ఉంచితే చాలు" అని ఒకాయన. "లోపల లిగమెంట్లు తెగుంటాయి, ఆపరేషన్ చేయించకపోతే ఇక ఆట మర్చిపోవడమే" అని ఇంకొకాయన. కీలు సర్ది, ఏమీ కుట్టకుండా వదిలేస్తే ఏమవుతుందని మాత్రం ఇద్దరూ అడగలేదు.

నేను వైద్యుణ్ణి కాను, డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. జమ ఒక్కటే చూపించి రెండో వైపు ఖాళీగా వదిలేసిన లెక్కని మేము పాస్ చేసేవాళ్లం కాదు. వైద్యంలో ఆ రెండో వైపు చూడడానికి చాలా కాలం పట్టింది.

హిపోక్రటీస్ పేరుమీద ఉన్న కీళ్ల గ్రంథంలో మోచెయ్యి సర్దే పద్ధతి ఉంది. సుశ్రుత సంహిత కీళ్లు తప్పడాన్ని ఆరు రకాలుగా విడదీసింది. (అన్నీ వేదాల్లోనే ఉన్నాయనే మిత్రులారా, సుశ్రుతం వేదం కాదు.) పరిశీలన గొప్పదే. కానీ చికిత్స చేసినవాళ్లనీ చెయ్యనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఆ కాలానిది కాదు.

మత్తుమందు, ఎక్స్‌రే వచ్చాక సర్జన్లు కీలు తెరిచి చూశారు. లిగమెంట్లు తెగి వేలాడుతున్నాయి. తెగింది కాబట్టి కుట్టాలి అనుకున్నారు. వినడానికి తర్కంలాగే ఉంది కదా!

ఈ తర్కాన్ని పరీక్షకు పెట్టింది స్వీడన్‌లోని మాల్మో నగరానికి చెందిన జోసెఫ్సన్, ఆయన సహచరులు. ఎముక విరగకుండా మోచెయ్యి తప్పినవాళ్లు 30 మందిని తీసుకుని, ఎవరికి ఆపరేషన్ చెయ్యాలో, ఎవరికి చెయ్యకూడదో లాటరీ పద్ధతిలో తేల్చారు. కోసి చూసిన ప్రతి మోచేతిలోనూ రెండు పక్కల లిగమెంట్లూ పూర్తిగా తెగి ఉన్నాయి. అంటే కొయ్యనివాళ్లలోనూ దాదాపు అదే పరిస్థితి అనుకోవాలి. ఏడాది దాటాక చూస్తే కుట్టినవాళ్లకి అదనంగా ఒరిగిన మేలు కనపడలేదు. ఈ ఫలితం 1987లో అచ్చయింది. తాము నమ్మినదాన్ని తామే ఆడిట్‌కి పెట్టడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

మరి కుట్టకుండా ఎలా నిలబడింది? మోచేతి ఎముకలు ఒకదానిలో ఒకటి బాగా ఇమిడిపోతాయి. కీలు చుట్టూ ఉన్న కండరాలు వాటిని బిగించి ఉంచుతాయి. ఆ లోగా లిగమెంటు మానుతుంది. ఎక్కువగా వచ్చే చిక్కు కీలు బిగుసుకుపోవడం. 52 మంది పెద్దవాళ్లను పరిశీలించి 1988లో అచ్చువేసిన ఫలితాల్లో, ఎక్కువ రోజులు కదపకుండా ఉంచినవాళ్లకే చెయ్యి సరిగా చాపడం రాలేదు. 2017లో అచ్చయిన నెదర్లాండ్స్ పరీక్షలో 100 మందిలో కొందరికి మూడు వారాల ప్లాస్టరు వేశారు, మిగిలినవాళ్లతో వెంటనే కదిలించారు. కదిలించినవాళ్లు ముందు కోలుకున్నారు. ఏడాదికి ఇద్దరూ సమానమే. ఎవరికీ మళ్లీ కీలు తప్పలేదు.

అలాగని సర్జన్లంతా దండగ అని నేననడం లేదు. 30 మంది అంటే చిన్న లెక్కే. ఎముక కూడా విరిగితే, సర్దినా కీలు నిలవకపోతే, ఆపరేషన్ అవసరం పడుతుంది. బయటి పక్క లిగమెంటు మానక కీలు మెలితిరిగి జారే పరిస్థితిని ఓడ్రిస్కాల్ 1991లో వివరించాడు. విసిరే ఆటగాళ్ల కథ వేరు. బేస్‌బాల్ ఆటగాడు టామీ జాన్‌కి 1974లో ఫ్రాంక్ జోబ్ ఇంకోచోటి టెండన్ తెచ్చి లిగమెంటుగా అమర్చాడు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. అయితే అతనికి కీలు తప్పలేదు, విసిరీ విసిరీ లిగమెంటు తెగింది. ఆ విజయం ఎంతదూరం పాకిందంటే, 2012లో అచ్చయిన ఒక సర్వేలో అమెరికన్ హైస్కూలు ఆటగాళ్లలో దాదాపు సగం మంది, దెబ్బ తగలకపోయినా ఆట మెరుగవడానికి ఆ ఆపరేషన్ చేయించుకోవచ్చన్నారు! తాయెత్తుకీ దీనికీ తేడా ఏమిటి?

కట్టు సంగతికొస్తే, తనంతట తాను బాగుపడే మోచేతిని కట్టువాడు తన ఖాతాలో వేసుకుంటాడు. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక ముంజేతి కండరాలు చచ్చి వేళ్లు ముడుచుకుపోతాయని ఫోక్‌మన్ 1881లోనే రాశాడు. ఆ నష్టం ఎవరి ఖాతాలోకీ రాదు.

మా కుర్రవాడి ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. ఆస్పత్రిలో కీలు సర్ది, స్లింగ్ వేసి, వారం తిరక్కుండానే వంచడం మొదలుపెట్టించారు. ఇప్పుడు చెయ్యి బాగానే ఉంది. మొదటాయన మాత్రం కట్టు కట్టుంటే ఇంకా ముందే తగ్గేదంటున్నాడు.